తాళాలు రెండూ చేతిలోనే ఉన్నాయి, బండి మాత్రం లేదు

మొన్న ఒకాయన వచ్చి రెండు తాళాలు నా బల్ల మీద పెట్టారు. "రెండూ నా దగ్గరే ఉన్నాయి సార్. ఎవరికీ ఇవ్వలేదు. మరి బండి ఎలా పోయింది?" అన్నారు. గొంతు వణుకుతోంది. బండి పోయిన బాధ ఒక ఎత్తయితే, తనమీద పడ్డ అనుమానం ఇంకో ఎత్తు. ఇంటి ముందు ఒక్క గాజుపెంకు లేదు, అలారం మోగలేదు. బీమా మనిషి వచ్చి "తాళం ఎవరికిచ్చారు?" అని నాలుగుసార్లు మార్చి మార్చి అడిగాడట. చివరికి ఇంట్లోవాళ్లు కూడా "లాక్ వెయ్యడం మర్చిపోయి ఉంటావు" అన్నారట.

పద్దెనిమిదేళ్లుగా కార్ల తాళాలు, ఇమ్మొబిలైజర్ల (సరైన తాళం లేకపోతే ఇంజన్‌ను లేవనివ్వని పరికరాల) పనే చేస్తున్నాను. ఈ ప్రశ్న నెలకొకసారైనా ఎదురవుతుంది. పెద్ద ఇంజన్ ఉన్న స్పోర్ట్స్ కార్ల వాళ్ల నుంచి మరీ ఎక్కువ. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నాను.

అపోహ: తాళాలన్నీ నా దగ్గరుంటే బండి కదలదు.

వాస్తవం: కదులుతుంది. మనుషుల్ని నిలువునా ముంచేది ఈ ఒక్క నమ్మకమే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

మీ బండికి మీరెవరో తెలియదు. మీ చేతిలో ఉన్న తాళం ఆకారంతోనూ దానికి పని లేదు. ఇమ్మొబిలైజర్ మెమరీలో ఒక హాజరు పట్టీ ఉంటుంది. "ఈ చిప్ మనది, ఈ చిప్ మనది" అని రాసి ఉంటుంది. స్టార్ట్ బటన్ నొక్కగానే బండి ఒక ప్రశ్న వేస్తుంది, తాళంలోని చిప్ జవాబిస్తుంది, పట్టీలో ఉన్నదైతే ఇంజన్ లేస్తుంది. అంతే. ఆ పట్టీలోకి కొత్త పేరు ఎక్కించగలిగినవాడి చేతిలో కొత్త తాళం ఉన్నట్టే. మీ రెండు తాళాలూ బీరువాలో పెట్టి, ఆ బీరువా తాళం మెడలో వేసుకున్నా ఆ పట్టీకి తెలియదు.

మరి కంపెనీలు ఆ పట్టీని తెరిచి ఎందుకు ఉంచాయి? మనుషులు తాళాలు పోగొట్టుకుంటారు కాబట్టి. నాలాంటివాళ్లు ఓబీడీ పోర్టుకు, అంటే బండిని పరీక్షించడానికి మెకానిక్‌లు వాడే సాకెట్‌కు, మెషీన్ తగిలించి కొత్త తాళం చేసివ్వాలి కాబట్టి. నాకు తెరుచుకునే తలుపు, సరైన పరికరం సంపాదించినవాడికీ తెరుచుకుంటుంది. కొన్ని మోడళ్లలో ఆ తలుపు గట్టిది, కొన్నిటిలో మరీ పలచన.

ఎంత పలచనో చెప్పడానికి అమెరికా లెక్క ఒకటి చాలు. అక్కడి బీమా నష్టాల లెక్కలు కట్టే హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2023లో చెప్పింది: 2020-22 మోడల్ డాడ్జ్ చార్జర్ హెల్‌క్యాట్ దొంగల పాలయ్యే అవకాశం సగటు బండితో పోలిస్తే 60 రెట్లకు పైనే. ఆ తర్వాతి మోడళ్లకు అదే సంస్థ వేసిన లెక్కలో షెవ్రొలే కమారో జెడ్‌ఎల్1 ముందుకొచ్చింది, సగటుకు 39 రెట్లు. రెండూ భారీ ఇంజన్ బళ్లే. జనం "ఖరీదైన బండి కదా, దొంగ కన్ను పడుతుంది" అని తేల్చేస్తారు. కన్ను పడటం నిజమే. కానీ అంతకంటే ఖరీదైన బళ్లు ఎన్నో ఆ పట్టిక పైవరుసల్లో లేవు. కన్ను పడినంత మాత్రాన బండి పోదు, చెయ్యి కూడా ఆడాలి.

డాడ్జ్ కంపెనీ ఇచ్చిన మందు చూడండి, రోగం ఎక్కడుందో తెలుస్తుంది. 2021లో వాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ ప్రకటించారు. నాలుగంకెల కోడ్ కొట్టకపోతే, తాళం సరైనదే అయినా ఇంజన్ నిమిషానికి 675 చుట్లు దాటదు, మూడు హార్స్‌పవర్ కూడా రాదు. 700కు పైగా హార్స్‌పవర్ ఉన్న బండి గేటు దాటడానికే ఆపసోపాలు పడుతుంది. తర్వాత కొత్త తాళాలు నేర్చుకోవడాన్నే బండిలో మూసేసే ఏర్పాటు కూడా తెచ్చారు. అంటే తాళం ఉంటే చాలదు, హాజరు పట్టీకీ కాపలా ఉండాలి అని తయారీదారే ఒప్పుకున్నట్టు. మీ బండికి అలాంటి అప్‌డేట్ ఉందేమో సర్వీస్ సెంటర్‌లో అడగండి. చాలామంది అడగరు. బండి కొన్నాక పాలిష్ గురించి పదిసార్లు అడిగినవాళ్లు కూడా దీని గురించి ఒక్కసారి అడగరు.

ఇక సెకండ్ హ్యాండ్ బళ్ల సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఒకబ్బాయి ఏళ్ల తరబడి కూడబెట్టుకుని, చిన్నప్పటినుంచి కలలుగన్న బండి పాతది కొనుక్కున్నాడు. తాళంలో బ్యాటరీ మార్పించుకోవడానికి నా దగ్గరకు వచ్చాడు. మాటల్లో "ఎన్ని తాళాలిచ్చారు?" అన్నాను. రెండు అన్నాడు. మెషీన్ పెట్టి చూస్తే పట్టీలో మూడున్నాయి. ఆ మూడోది ఎవరి జేబులో ఉందో దేవుడికే తెలియాలి. పాత ఓనర్ పోగొట్టుకున్నదే కావచ్చు, కాకపోవచ్చు. అప్పటికప్పుడు మొత్తం తుడిచేసి, చేతిలో ఉన్న రెండింటినే మళ్లీ ఎక్కించాను. పని అరగంట. ఆ అబ్బాయి అదృష్టం, బ్యాటరీ అయిపోయింది కాబట్టి వచ్చాడు. ఇంకొకాయన బ్యాటరీ అయిపోలేదు. కొన్న తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి బండి లేదు. ఎవరు తీసుకెళ్లారో నేను చెప్పలేను. ఆ బండి పట్టీలో ఎన్ని పేర్లున్నాయో కొన్న రోజే ఎవరూ చూడలేదని మాత్రం చెప్పగలను.

కాబట్టి పాత బండి కొంటే ఇంటికి తీసుకెళ్లే ముందే ఈ పని చేయించండి: ఇచ్చిన తాళాలన్నీ వెంట తీసుకెళ్లి, మెమరీలో ఎన్ని ఉన్నాయో చదివించి, అన్నీ తుడిపించి, మీ చేతిలో ఉన్నవే ఎక్కించుకోండి. చేసినవాళ్ల దగ్గర కాగితం మీద రాయించుకోండి, రేపు బీమా వాళ్లు అడిగినప్పుడు అదే మీ నోరు. మొబైల్ యాప్ ఉన్న బండైతే పాత ఓనర్ అకౌంట్ తీయించండి. ఫోన్‌తో లాక్ తెరుచుకునే బండికి పాత ఓనర్ ఫోన్ కూడా ఒక తాళమే.

అపోహ: షోరూమ్‌లో ఉన్న బండికి భయం లేదు, కెమెరాలున్నాయి.

వాస్తవం: కెమెరా దొంగని చూస్తుంది, ఆపదు. షోరూముల్లో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం రాత్రిపూట మొదలు కాలేదు. పట్టపగలు, టెస్ట్ డ్రైవ్‌లో మొదలయ్యాయి.

ఒక డీలర్ యార్డు నుంచి ఫోనొచ్చింది. బండి మాయం, తాళం మాత్రం బోర్డుకు వేలాడుతూనే ఉంది. వెళ్లి ఆ తాళం విప్పి చూశాను. పైన డొల్ల అదే, గుర్తు అదే, బరువూ అంతే. లోపల మాత్రం ఆ బండి చిప్ కాదు. మూడు రోజుల ముందు టెస్ట్ డ్రైవ్‌కు వచ్చినవాడు బండి తిరిగిచ్చేటప్పుడు అసలు తాళం జేబులో వేసుకుని, అచ్చం అలాంటిదే చేతిలో పెట్టాడు. మూడు రోజులు ఎవరూ ఆ బండి స్టార్ట్ చెయ్యలేదు. మూడో రాత్రి వాడు తన తాళంతో దర్జాగా తీసుకుపోయాడు. ఆ రోజు తాళం తిరిగి తీసుకున్న కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. వాడు చేసిన తప్పేమిటి? చేతికిచ్చినదాన్ని బోర్డుకు తగిలించాడు. అంతకుమించి చెయ్యాలని వాడికి ఎవరు చెప్పారు? ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

డీలర్లకు నేను చెప్పేది ఒకటే. తిరిగొచ్చిన తాళంతో బండి ఒక్కసారి స్టార్ట్ చేసి, ఆ తర్వాతే బోర్డుకు తగిలించండి. పది సెకన్ల పని. తాళాల పెట్టె గోడకు బిగించండి, అద్దాల గది బల్ల మీద పెట్టకండి. యార్డులో బళ్లు అటూ ఇటూ జరపడం తేలికని తాళాలు లోపలే వదిలేసే అలవాటు మానండి. ట్రక్కు మీద బళ్లు ఎక్కించుకోవడానికి ఎవరైనా వస్తే, వాళ్లు చూపించిన కాగితంలోని నంబరుకు కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి.

అపోహ: తాళాన్ని రేకు సంచిలో పెడితే ఇక నిశ్చింత.

వాస్తవం: సగం నిజం. తాళం జేబులో ఉంటే చాలు తెరుచుకునే కీలెస్ బండి 125 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా పిలుస్తుంది, దగ్గర్లో ఉన్న తాళం 433 లేదా 315 మెగాహెర్ట్జ్‌లో పలుకుతుంది. దొంగలు ఆ పిలుపును మీ ఇంట్లో తాళం దాకా మోసుకెళ్లే పరికరం పెడితే, తాళం బండి పక్కనే ఉందనుకుని తలుపు తెరుచుకుంటుంది. దీన్నే రిలే దాడి అంటారు. కొత్తదేమీ కాదు. జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లోనే ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద చేసి చూపించారు. దీనికి రేకు సంచి పనిచేస్తుంది, కానీ రెండో తాళాన్ని కూడా సంచిలో పెట్టినప్పుడే. సొరుగులో పడి ఉన్న స్పేర్ తాళాన్ని అందరూ మర్చిపోతారు. సంచి లోపలి పొర మడతల దగ్గర చిరుగుతుంది కూడా. నెలకోసారి తాళాన్ని సంచితో సహా పట్టుకుని బండి పక్కన నిలబడి హ్యాండిల్ లాగి చూడండి, తెరుచుకుంటే సంచి మార్చండి. కదలకుండా పెడితే నిద్రపోయే తాళాలు, సిగ్నల్ ప్రయాణించిన సమయాన్ని కొలిచి దూరం పట్టేసే అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు కొత్త బళ్లలో వస్తున్నాయి. కొనేముందు అడగండి. పాతవాటిలో కొన్నిటికి సెట్టింగుల్లో కీలెస్‌ను ఆపేసుకోవచ్చు.

అయితే తాళంతో పనే లేని దారీ ఉంది. 2022లో లండన్‌లో ఇయన్ టేబర్ అనే ఆయన టొయోటా రావ్4 పోయింది. ఆయన స్వయంగా కార్ల సైబర్ భద్రత పరిశోధకుడు. అంతకుముందు ఎవరో ముందు బంపర్ లాగి, హెడ్‌లైట్ వైర్లు పీకారు. అల్లరిమూక పని అనుకున్నారు. తీరా అది బండిలోపలి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల వ్యవస్థ, అంటే క్యాన్ నెట్‌వర్క్‌లోకి చొరబడే ప్రయత్నమని తేలింది. కెన్ టిండెల్ అనే నిపుణుడితో కలిసి 2023లో దాన్ని లోకానికి విప్పి చెప్పారు. అంత తెలిసినాయన బండే పోయిందంటే, మీ బండి పోయినందుకు మీరు తలదించుకోనక్కర్లేదు. హెడ్‌లైట్ దగ్గరో, చక్రం మీది ప్లాస్టిక్ దగ్గరో ఏదైనా భాగం కారణం లేకుండా ఊడి కనిపిస్తే మాత్రం ఆ రాత్రి బండిని అక్కడ ఉంచకండి.

అపోహ: రేడియో సిగ్నళ్లు రికార్డు చేసి మళ్లీ పంపే ఫ్లిప్పర్ జీరో అనే బొమ్మతో ఎవడైనా ఎత్తుకుపోవచ్చు.

కాదు. ఆ వీడియోలు ఫార్వర్డ్ చెయ్యడం ఆపండి. తాళం నొక్కిన ప్రతిసారీ మారే కోడ్‌ను రికార్డు చేసి మళ్లీ వినిపిస్తే ఇంజన్ లేవదు. 2024లో కెనడా ప్రభుత్వం నిషేధిస్తామన్నా, అసలు దొంగల సంచిలో ఉండే సామాను వేరు.

అపోహ: జీపీఎస్ ఉంది కాబట్టి దొరికిపోతుంది.

దొరకవచ్చు. దొంగలకూ జీపీఎస్ గురించి తెలుసు. సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ పెడతారు, లేదా బండిని ఎక్కడో సందులో రెండు రోజులు వదిలేసి ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో చూస్తారు. సొంత బ్యాటరీతో నడిచే రెండో ట్రాకర్‌ను వేరేచోట దాచండి. చుక్క కనిపించింది కదా అని మీరొక్కరే వెళ్లకండి, పోలీసులతో వెళ్లండి.

అపోహ: స్టీరింగ్ లాక్ పాతకాలం ముచ్చట.

ఇంత ఖరీదైన బండికి ఇనప కడ్డీ తగిలించడం నామోషీ అంటారు. దొంగ లెక్కంతా నిమిషాల్లో ఉంటుంది. మెషీన్‌తో పట్టీలో పేరు ఎక్కించినవాడికి ఆ కడ్డీ కోయడానికి వేరే పనిముట్టు కావాలి, చప్పుడవుతుంది, సమయం పడుతుంది. దానికి తోడు ఓబీడీ పోర్టుకు లాక్, విడిగా పిన్ అడిగే ఇమ్మొబిలైజర్ పెట్టించుకుంటే ఇంకా మేలు. నా బండికి మూడూ ఉన్నాయి.

అపోహ: మీ తాళాలవాళ్లే దొంగలకు నేర్పుతారు.

ఈ మాట వింటే మనసు చివుక్కుమంటుంది. రెండు తాళాలూ పోయాయని ఒక బండి టోయింగ్ మీద నా దగ్గరకొచ్చింది. అద్దం కింద ఉన్న 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) ఒకటి, లోపల కంప్యూటర్ మాడ్యూల్‌లో ఉన్నది ఇంకొకటి. తాళం చెయ్యనన్నాను, పోలీసులకు చెప్పాను. ఆ తర్వాత చాలా రాత్రులు షట్టర్ దింపేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. యజమాని కాగితాలు, గుర్తింపు చూడకుండా తాళం చేసిచ్చేవాడు మీకు తారసపడితే, వాడి దగ్గర మీ బండి పని చేయించకండి.

బండి ఇప్పటికే పోయినవాళ్లకు ఒక మాట. తాళాలు ఎవరడిగినా రసీదు లేకుండా ఇవ్వకండి. ఇచ్చేముందు రెండింటినీ, వాటిమీది నంబర్లతో సహా ఫోటో తీసుకోండి. కొన్ని కంపెనీల తాళాల్లో చివరిసారి వాడినప్పటి కిలోమీటర్లు, తేదీ నిలిచి ఉంటాయి. మీరు నిజం చెప్తున్నారని మీ తరఫున చెప్పేది అదే కావచ్చు.

నా బల్ల మీద రెండు తాళాలు పెట్టినాయనవి అలాంటివే. చదివి చూశాను. రెండూ అసలైనవే. చివరిసారి వాడింది బండి పోయిన ముందురోజు సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చానని ఆయన చెప్పిన సమయానికే. ఆ వివరాలన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఫైలు ఇంకా తేలలేదు. వచ్చే వారం బీమా ఆఫీసుకు మళ్లీ రమ్మన్నారట. ఈసారి ఆయన వెంట నేనూ వెళ్తున్నాను.