ఎల్క్ వేటకు విల్లూ బాణమూ: కొద్దిపాటి శక్తిని ఎలా ఖర్చు పెట్టాలి

గంటకు 88 కిలోమీటర్ల వేగంతో స్పిన్నర్ వేసిన క్రికెట్ బంతిలో ఉండే గతిశక్తి దాదాపు 48 జౌళ్లు. యాభై పౌండ్ల లాగుడు బరువున్న (అంటే నారిని పూర్తిగా లాగి పట్టడానికి అంత బలం కావలసిన) సంప్రదాయ విల్లు నుంచి వెలువడిన బరువైన బాణంలో ఉండేదీ ఇంచుమించు అంతే. ఉత్తర అమెరికాలో ఎల్క్ వేటకు తరచుగా వాడే ‘థర్టీ ఆట్ సిక్స్’ తుపాకీ గుండులోనైతే ఇందుకు దాదాపు ఎనభై రెట్ల శక్తి ఉంటుంది. మగ ఎల్క్ మూడు వందల కిలోల పైచిలుకు బరువు, భుజం దగ్గర ఐదడుగుల ఎత్తు ఉండే జంతువు; నల్లమలలో తిరిగే కణుజుకు కుటుంబరీత్యా బంధువే గాని, సగటున దానికంటే బరువైనది. అంతటి జంతువును స్పిన్నర్ బంతిపాటి శక్తితో నేలకూల్చడం ఎలా సాధ్యమవుతుందంటే, బాణం చేసే పని దెబ్బ కొట్టడం కాదు, కోయడం. పదునైన మొన రెండు ఊపిరితిత్తులనూ కోసుకుంటూ అవతలికి దూసుకుపోతే రక్తం వేగంగా కారిపోతుంది, ఛాతీలోకి గాలి చేరి ఊపిరితిత్తులు కుదించుకుపోతాయి, జంతువు కొద్ది సేపట్లోనే స్పృహ తప్పుతుంది. అదే మొన భుజపుటెముక దగ్గర ఆగిపోతే, గాయపడిన జంతువు కొండలు దాటి వెళ్లిపోతుంది. కాబట్టి విల్లూ బాణమూ ఎంచుకోవడంలోని ప్రతి నిర్ణయమూ, చేతిలో ఉన్న ఆ కొద్దిపాటి శక్తి దారిలో వృథా కాకుండా కోతగా ఎలా మారాలన్న లెక్క చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం గనుక ఈ చర్చ అంతా రాకీ పర్వతాల ప్రాంతానికి చెందినది. అక్కడ ప్రభుత్వ వన్యప్రాణి శాఖలు ఏటా లైసెన్సులు ఇచ్చి, ఎన్ని జంతువులను వేటాడవచ్చో నిర్ణయిస్తాయి. ప్రపంచంలో ఎల్క్ మందలు అత్యధికంగా ఉన్న అమెరికా రాష్ట్రం కొలరాడోలో విలువేటకు సెప్టెంబరు నెల ప్రధానం. మగ ఎల్క్‌లు ఈల వంటి అరుపులతో ఆడవాటిని పిలుచుకునే జతకట్టే కాలం కూడా అదే కావడంతో, ఆ అరుపులను అనుకరించి జంతువును దగ్గరికి రప్పించడం వీలవుతుంది.

తెలుగు పాఠకులకు విలువిద్య అనగానే విజయవాడ క్రీడాకారులు గుర్తుకు వస్తారు. జ్యోతి సురేఖ వాడేది కాంపౌండ్ విల్లు. దాని చివర్లలోని చక్రాలు, నారిని పూర్తిగా లాగిన తరువాత చేతి మీది భారాన్ని చాలా వరకు తగ్గిస్తాయి. ధీరజ్ బొమ్మదేవర వాడే ఒలింపిక్ రికర్వ్‌లో చక్రాలు ఉండవు గాని, గురిచూపు సాధనమూ, వింటిని నిలకడగా ఉంచే కడ్డీలూ ఉంటాయి. సంప్రదాయ విల్లు అంటే ఇవేవీ లేనిది: లాంగ్‌బో గాని, కొసలు ముందుకు వంగిన సాదా రికర్వ్ గాని. భారమంతా చివరి క్షణం వరకు మూడు వేళ్ల మీదే ఉంటుంది. ఈ ఒక్క సంగతి వల్లనే మొదటి నిర్ణయం, అంటే లాగుడు బరువు ఎంత ఉండాలన్నది, చాలామంది అనుకునే దిక్కున కాకుండా దానికి ఎదురు దిక్కున సాగుతుంది.

లాగుడు బరువును నారి 28 అంగుళాలకు చేరినప్పుడు కొలిచి వింటి మీద రాస్తారు. చేతులు పొట్టిగా ఉన్నవారు 26 అంగుళాల దగ్గరే ఆగిపోతే అంగుళానికి రెండు మూడు పౌండ్ల చొప్పున బరువు తగ్గడమే కాక, నారి బాణాన్ని నెట్టే దూరం కూడా తగ్గుతుంది. శక్తి అంటే బలాన్ని దూరంతో గుణించగా వచ్చేది గనుక నష్టం రెండు వైపులా ఉంటుంది. కొలరాడో చట్టం 35 పౌండ్ల వింటిని అనుమతిస్తుంది, అలాస్కా మాత్రం ఎల్క్‌కు 50 పౌండ్లు తప్పనిసరి అంటుంది. నా దృష్టిలో అలాస్కా అంకే ఈ జంతువుకు తగినది. అయితే అరవై, డెబ్బై పౌండ్ల విల్లు కొనడంలో ఉన్న ప్రమాదం అంతకంటే పెద్దది. తెల్లవారుజామున చలికి బిగుసుకున్న భుజాలతో, మోకాళ్ల మీద కూర్చుని, జంతువు తల తిప్పేదాకా నారిని పట్టి ఉంచాల్సి వచ్చినప్పుడు బరువైన విల్లు మనిషి చేత ముందే నారి వదిలిస్తుంది. నారిని సగంలో వదిలిన అరవై పౌండ్ల విల్లు, పూర్తిగా లాగిన యాభై పౌండ్ల వింటికి సాటిరాదు.

లాంగ్‌బోనా, రికర్వ్‌నా అన్నదాని మీద విలుకాండ్ర మధ్య వాదనలకు అంతు ఉండదు గాని, భౌతికశాస్త్రం దృష్టిలో ఇది చిన్న విషయం. రికర్వ్ కొసల వంపు వల్ల నారి లాగడం మొదలైనప్పటి నుంచే బలం ఎక్కువగా ఉండి, అదే లాగుడు బరువుకు కొంచెం ఎక్కువ శక్తి నిలవ ఉంటుంది. లాంగ్‌బో తేలిక, చేతి పొరపాట్లను కొంత క్షమిస్తుంది. పొడవు మాత్రం పట్టించుకోవాలి. మరీ పొట్టి విల్లును పూర్తిగా లాగినప్పుడు నారి కోణం బిగుసుకుని వేళ్లను నొక్కేస్తుంది, మరీ పొడవైనది దట్టమైన స్ప్రూస్ కొమ్మల్లో తగులుకుంటుంది. అమెరికా ఆదివాసులైన షోషోనీ తెగవారు కొండగొర్రె కొమ్ములతో, నరాల పూతతో చేసుకున్న విల్లులు చాలా పొట్టివి, అయినా బలమైనవి. ఆ సాగే గుణం ఉన్న పదార్థం మన దగ్గర లేనప్పుడు 60 నుంచి 64 అంగుళాల మధ్య పొడవు చాలామందికి సరిపోతుంది.

అసలు విషయం బాణం బరువు దగ్గర మొదలవుతుంది. బాణాలను గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. గత శతాబ్దపు తొలి భాగంలో పాల్ క్లాప్‌స్టెగ్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఒక చక్కని లెక్క చూపించాడు. వింటి బద్దలూ నారీ కూడా బాణంతో పాటు కదలాలి కాబట్టి, బాణానికి మరికొంత అదృశ్యమైన బరువు అంటిపెట్టుకుని ఉన్నట్టు భావిస్తే వేగాల లెక్క సరిపోతుందన్నది ఆయన గమనింపు. ఈ అదృశ్య బరువు ప్రతి వింటికీ దాదాపు స్థిరంగా ఉంటుంది. యాభై పౌండ్ల రికర్వ్‌కు అది 10 గ్రాములనీ, నారి అందించే శక్తి 60 జౌళ్లనీ అనుకుందాం. అప్పుడు 500 గ్రెయిన్ల బాణం, అంటే 32.4 గ్రాములది, సెకనుకు 53 మీటర్ల వేగంతో దాదాపు 46 జౌళ్లు తీసుకుని వెళుతుంది. 650 గ్రెయిన్ల బాణం సెకనుకు 48 మీటర్లే వెళ్లినా 48 జౌళ్లకు పైగా మోసుకుపోతుంది. మిగిలిన శక్తి వింటిలోనే ఉండిపోయి కంపనంగా, చప్పుడుగా మారుతుంది. బరువైన బాణం ఆ చప్పుడును కూడా తగ్గిస్తుందన్నమాట.

శక్తిలో తేడా స్వల్పమే. ద్రవ్యవేగంలో తేడా స్వల్పం కాదు: మొదటిదానిలో 1.72, రెండోదానిలో సెకనుకు 2.02 కిలోగ్రామ్-మీటర్లు, అంటే సుమారు పదిహేడు శాతం ఎక్కువ. కండరం, పక్కటెముక, చర్మం బాణాన్ని ఎంత బలంతో ఎంతసేపు అడ్డుకుంటాయో ఆ రెంటి గుణకారమే బాణం కోల్పోయే ద్రవ్యవేగం గనుక, ఆగే ముందు ఎంత దూరం చొచ్చుకుపోతుందన్న ప్రశ్నకు ఈ అంకె ముఖ్యమైనది. ఎడ్ యాష్‌బీ అనే వేటగాడు ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ పెద్ద జంతువుల మీద ఏళ్ల తరబడి బాణాల చొరబాటును నమోదు చేసి, బరువైన ఎముకను ఛేదించడానికి 650 గ్రెయిన్ల దగ్గర ఒక గడప ఉందని తేల్చాడు. ఎల్క్ పక్కటెముకలకు అంత బరువు తప్పనిసరి కాదని వాదించేవారు ఉన్నారు, అందులో నిజం లేకపోలేదు. కాని బాణం ఎప్పుడూ పక్కటెముకల మధ్యకే వెళుతుందని హామీ ఇవ్వగలవారు ఎవరూ లేరు.

బరువు పెరిగితే బాణం త్వరగా కిందికి జారుతుందన్న అభ్యంతరాన్ని లెక్క వేసి చూడాలి. 20 గజాలకు, అంటే 18 మీటర్లకు గురిపెట్టి కొట్టినప్పుడు జంతువు నిజానికి 25 గజాల దూరంలో ఉంటే, తేలిక బాణం అనుకున్న చోటి కంటే సుమారు 18 సెంటీమీటర్లు కింద తగులుతుంది, బరువైనది 22 సెంటీమీటర్లు కింద తగులుతుంది. తేడా నాలుగు సెంటీమీటర్లు. దూరాన్ని తప్పుగా అంచనా వేయడం వల్ల వచ్చే లోపంతో పోలిస్తే బాణం బరువు వల్ల వచ్చేది చాలా తక్కువ. అదే దూరం 30 గజాలైతే రెండు బాణాలూ అడుగున్నర అటూ ఇటుగా కిందికి పోతాయి, ఊపిరితిత్తుల హద్దు దాటిపోతాయి.

ఎంత బరువైన బాణమైనా వంకరగా తగిలితే ఆ లెక్కలన్నీ చెడతాయి, ఎందుకంటే తోక పక్కకు ఊగుతూ వెళ్లే బాణంలో కొంత బలం మొన వెనుక కాకుండా అడ్డంగా పనిచేస్తుంది. ఇక్కడే విలువిద్యలోని అత్యంత ఆసక్తికరమైన సంగతి వస్తుంది. సంప్రదాయ వింటిలో బాణం పిడి పక్కన ఆనుకుని ఉంటుంది. నారి మాత్రం వింటి మధ్యరేఖలో ముందుకు సాగుతుంది. ఆ ప్రకారం బాణం ఒక పక్కకు పోవాలి, కాని నేరుగానే పోతుంది. అమెరికన్ విలుకాడు రాబర్ట్ ఎల్మర్ దీనికి ‘విలుకాడి వైరుధ్యం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1930లలో తీసిన హై-స్పీడ్ ఛాయాచిత్రాలు దాని గుట్టు విప్పాయి. నారి వెనుక నుంచి నెట్టగానే బాణపు కాడ విల్లులా వంగుతుంది, పిడిని చుట్టుకుని వెళ్లినట్టుగా మరో పక్కకు వంగుతుంది, ఆ తరువాత గాలిలో అటూ ఇటూ ఊగుతూ క్రమంగా నిటారవుతుంది. ఈ ఊపు సరిగ్గా పిడిని దాటే సమయానికి సరిపడాలంటే కాడ గట్టిదనం వింటికి తగినట్టు ఉండాలి. దీన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల దూరంలోని రెండు ఆధారాల మీద కాడను ఉంచి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది అర అంగుళం వంగితే దాని స్పైన్ 500. అంకె తగ్గేకొద్దీ కాడ గట్టిది. యాభై పౌండ్ల వింటికి కార్బన్ కాడలో ఇది సాధారణంగా 400, 500 అంకెల మధ్య తేలుతుంది.

అయితే పట్టికలో చూసి కొంటే సరిపోదు. మొన బరువు పెంచితే కాడ మరింత వంగుతుంది, అంటే మెత్తనిదానిలా ప్రవర్తిస్తుంది; కాడను కొద్దిగా కోసి పొట్టి చేస్తే గట్టిపడుతుంది. అందుకే అనుభవజ్ఞులు కాడలను పొడవుగానే తెచ్చుకుని, ఈకలు లేని బాణాన్ని ఈకలున్న బాణాలతో పాటు వేసి చూస్తారు. కుడిచేతి విలుకాడికి ఈకలు లేనిది ఎడమకు పోతే కాడ గట్టిదైనట్టు, కుడికి పోతే మెత్తనిదైనట్టు. ఈకలు తప్పును కప్పిపుచ్చుతాయి గనుక, వాటిని తీసేసి చూడటమే నిజమైన పరీక్ష. కొత్త విల్లు కొనడానికి పెట్టే డబ్బులో పదో వంతు ఈ పరీక్షకు కావలసిన కాడల మీద పెట్టినా ఫలితం ఎక్కువ ఉంటుందని నా అభిప్రాయం.

కాడ దేనిదన్నది ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఆరెగాన్ తీరపు పోర్ట్ ఆర్ఫర్డ్ దేవదారు కాడలకు ఎంతో పేరుంది, సువాసన కూడా. అయితే అవి తేలికగా ఉంటాయి, తేమకు వంకరపోతాయి. డగ్లస్ ఫర్ చెట్టు చెక్క బరువైనది. అల్యూమినియం సమంగా ఉంటుంది గాని ఒకసారి వంగితే వంగిపోయినట్టే. కార్బన్ సన్నగా ఉండి గట్టిగా నిలుస్తుంది, శరీరంలో రాపిడి తక్కువ. ఈకలు మాత్రం టర్కీ కోడివే కావాలి, ప్లాస్టిక్‌వి పనికిరావు. వింటి పిడికి ఆనుకుని వెళ్లే బాణంలో ఈక ఒత్తుకుపోయి దారి ఇస్తుంది, ప్లాస్టిక్ తట్టుకుని బాణాన్ని పక్కకు తోసేస్తుంది.

ఇక మొన. కొలరాడోలో కనీసం అంగుళంలో ఏడు ఎనిమిదో వంతు వెడల్పు, రెండు ఉక్కు అంచులు తప్పనిసరి. తక్కువ శక్తి ఉన్న వింటికి రెండు అంచుల సాదా బ్రాడ్‌హెడ్ (వెడల్పాటి కోసే మొన) మంచిది, మూడు నాలుగు అంచులవి ఎక్కువ కోస్తాయి గాని ఎక్కువ శక్తిని తినేస్తాయి. తగిలిన తరువాత విప్పుకునే రెక్కల మొనలు కాంపౌండ్ విల్లుల కోసం పుట్టినవి. విప్పుకోవడానికే శక్తి ఖర్చయ్యే మొనను 48 జౌళ్ల బాణానికి తగిలించడం నాకు అర్థం కాని పని. వెడల్పుకు మూడు రెట్ల పొడవున్న మొన వాలు తక్కువగా ఉండి సులువుగా చొరబడుతుంది. అంచును ఒక పక్క మాత్రమే చెక్కిన మొన ఎముకలో మెలితిరుగుతూ దాన్ని చీలుస్తుంది. అటువంటి మొన తిరిగే దిక్కూ ఈకలు బాణాన్ని తిప్పే దిక్కూ ఒకటే అయి ఉండాలి. 200 గ్రెయిన్ల వరకు బరువున్న మొనలు బాణపు భారాన్ని ముందుకు జరిపి, తగిలిన తరువాత కాడ వంగిపోకుండా చూస్తాయి.

పదును గురించి రాజీ లేదు. మొద్దు అంచు ముందు సాగే గుణమున్న రక్తనాళం పక్కకు జరిగిపోతుంది, పదునైన అంచు ముందు తెగిపోతుంది. జతకట్టే కాలంలో మగ ఎల్క్‌లు బురదలో పొర్లుతాయి. ఎండిన మట్టి అంటిన వెంట్రుకలనూ చర్మాన్నీ దాటాకే మొన అసలు పని మొదలవుతుంది. అమ్ములపొదిలో ఒకదానికొకటి తగిలి అరిగిన మొనలను వేటరోజు ఉదయం మళ్లీ నూరుకోవాలి.

ఇన్ని అమర్చుకున్నాక దూరానికి హద్దు వేసేది శక్తి కాదు. ముప్పై మీటర్ల దగ్గర కూడా బాణం తన గతిశక్తిలో కొద్ది భాగమే గాలికి కోల్పోతుంది, కాని అక్కడికి చేరడానికి 0.6 సెకన్లకు పైగా పడుతుంది. తాపీగా నడుస్తున్న ఎల్క్ ఆలోగా దాదాపు తొంభై సెంటీమీటర్లు ముందుకు జరిగి, ఊపిరితిత్తులకు గురిపెట్టిన బాణానికి పొట్టను అప్పగిస్తుంది. నిలబడి ఉన్నదైనా సరే, నారి చప్పుడు బాణం కంటే సుమారు అర సెకను ముందే దాని చెవిన పడుతుంది. చాలామంది సంప్రదాయ విలుకాండ్రు ఇరవై మీటర్ల లోపు, పక్కకు తిరిగి నిలిచిన జంతువు మీదనే నారి వదలడానికి కారణం ఇదే.