మార్చి 2020లో భయపడిందెవరు?

2020 మార్చి 23, సోమవారం. జనతా కర్ఫ్యూ మర్నాడు. మార్కెట్ తెరిచిన గంటలోపే సూచీలు 10 శాతం పడ్డాయి. పతనం హద్దు దాటితే ట్రేడింగ్‌కు అడ్డుపడే లోయర్ సర్క్యూట్ తగిలి, లావాదేవీలు 45 నిమిషాలు ఆగిపోయాయి. మళ్లీ తెరిచాకా అమ్మకాలు తగ్గలేదు. చివరికి సెన్సెక్స్ 3,934 పాయింట్లు, అంటే 13 శాతానికి పైగా పోగొట్టుకుంది. శాతం లెక్కన ఒక్కరోజులో అంత నష్టం అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఈ సర్క్యూట్ల ఏర్పాటు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2001లో తెచ్చింది. 10, 15, 20 శాతం దగ్గర మూడు కంచెలు. 2004 మే 17న, వామపక్షాల మద్దతుతో వచ్చే ప్రభుత్వం ఏం చేస్తుందోనన్న గుబులుకు ట్రేడింగ్ రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. ఈ కంచె భయానికే కాదు, సంబరానికీ అడ్డుపడుతుంది. 2009 మే 18న ఎన్నికల ఫలితాల ఊపులో సూచీలు అప్పర్ సర్క్యూట్ కొట్టి, ఆ రోజు ట్రేడింగ్ అక్కడితో సరి.

ఆ ఏడాది జనవరిలోనే హైదరాబాద్ ఇంకో రకం భయం చూపించింది. సత్యం ఖాతాల్లో ఉన్న నగదు బూటకమని రామలింగరాజు ఒప్పుకున్న జనవరి 7న ఆ కంపెనీ షేరు విలువలో మూడొంతులకు పైగా ఆవిరైంది. సెన్సెక్స్ కూడా 7 శాతం పైనే పడింది. తప్పు ఒక కంపెనీది, అనుమానం మాత్రం అందరి బ్యాలెన్స్ షీట్ల మీదా.

ఈ గుబులును కొలవడానికి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ) 2008లో ఇండియా విక్స్ అనే సూచీ తెచ్చింది. ఎన్ఎస్ఈ సూచీ నిఫ్టీ మీద నడిచే ఆప్షన్ల (ముందే ఖాయం చేసుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుల) ధరల నుంచి దాన్ని లెక్కగడతారు. రాబోయే 30 రోజుల్లో నిఫ్టీ ఎంత ఊగుతుందని ట్రేడర్లు అనుకుంటున్నారో అది చెబుతుంది, ఎటు ఊగుతుందో చెప్పదు. 2020 మార్చిలో అది 80 దాటింది.

ఇలాంటప్పుడు 'చిన్న మదుపరులు బెంబేలెత్తి అమ్మేశారు' అనడం అలవాటైపోయింది. నాకది సగం నిజంగానే కనిపిస్తుంది. పతనం ముదిరేది అప్పు మీద కొన్నవాళ్ల వల్ల. ధర పడితే బ్రోకర్ అదనపు మార్జిన్, అంటే హామీ సొమ్ము, అడుగుతాడు. కట్టలేకపోతే షేర్లు తనే అమ్మేస్తాడు. ఆ అమ్మకంతో ధర ఇంకా పడి, మరొకరికి మార్జిన్ పిలుపు వెళుతుంది. వీళ్లలో ఎంతమందికి అమ్మాలని ఉంటుంది గనక? అందుకే సెబీ 2020 మార్చి 20న డెరివేటివ్స్‌లో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ లాంటి ఒప్పందాల్లో) తీసుకునే పొజిషన్ల మీద పరిమితులు బిగించింది. మూడు రోజులకే రికార్డు పతనం వచ్చిందంటే, నిబంధనకు ఉన్న బలమెంతో తెలుస్తూనే ఉంది.

ఆ నెలలో విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు వెనక్కి తీసుకున్నది 60 వేల కోట్ల రూపాయల పైమాటే. అదే సమయంలో మన జనం లోపలికి వస్తున్నారు. 2020 మార్చిలో సుమారు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు (షేర్లు ఉంచుకునే ఖాతాలు) ఏడాది తిరిగేసరికి 5.5 కోట్లయ్యాయి. మార్కెట్ కోలుకుని 2021 జనవరిలో సెన్సెక్స్ 50 వేలు తాకడంతో ధైర్యం చేసినవాళ్లకు ఫలితం దక్కింది. కొందరిని ఆ ధైర్యమే ఫ్యూచర్స్, ఆప్షన్స్ వైపు నడిపించింది. 2021-22లో అక్కడ ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 89 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. వాళ్లు నష్టపోయిన ఆ 2021-22లో మార్కెట్లో సంక్షోభమేమీ లేదు.