శాండ్‌విచ్ హార్బర్ వెళ్లే పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

నమీబియా ప్రయాణంలో ఒక రోజంతా వాల్విస్ బేకి ఇచ్చారని, పొద్దున పడవ, మధ్యాహ్నం ఇసుక తిన్నెల మీద నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బండి అని తెలిసింది. మంచి ఎంపిక. మీ ప్రశ్నల్లో సగం మాత్రం "ఎన్నింటికి బయల్దేరతాం, ఎన్నింటికి తిరిగొస్తాం" అనే. ఆ తీరంలో వేళ పెట్టేవి ఆటుపోట్లు, గాలి. గైడు వాటి మాట వింటాడు, మీరు గైడు మాట వినాలి. ఆయన ఏది ఎందుకు చేస్తున్నాడో ముందే తెలిస్తే విసుగు రాదు, పైగా సరదా రెట్టింపవుతుంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పెద్దదైంది.

ముందు పటం తీసి చూడండి. వాల్విస్ బే ఊరికి పడమర వైపు ఒక సన్నని ఇసుక నాలుక సముద్రంలోకి చాచి ఉంటుంది. దాని కొస పేరు పెలికన్ పాయింట్. ఆ నాలుక అలలకు అడ్డం కాబట్టే లోపలి నీరు నిమ్మళంగా ఉంటుంది, అక్కడ ఓడరేవు నిలిచింది. ఊరికి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో శాండ్‌విచ్ హార్బర్. పేరులో హార్బర్ ఉన్నా ఇప్పుడు ఓడలు రావు. ఒకప్పుడు తిమింగలాల వేటగాళ్లు ఆగిన చోటు అది, ఇప్పుడు పక్షులది. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క నిటారుగా నమీబ్ ఎడారి ఇసుక తిన్నెలు. ఆ ఇసుక సముద్రమంతటినీ యునెస్కో 2013లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత ఇసుక ఎక్కడిదంటే, ఎక్కువ భాగం ఆరెంజ్ నది మోసుకొచ్చి దక్షిణాన సముద్రంలో పోసింది. తీరం వెంబడి సాగే అలలు దాన్ని ఉత్తరానికి నెట్టాయి, గాలి ఒడ్డుకెక్కించింది. తిన్నెల మీద అక్కడక్కడ ఊదారంగు చారలు కనిపిస్తే అవి గార్నెట్ అనే ఖనిజపు రేణువులు. నల్లగా కనిపించేది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి, నల్ల ఇసుకలో దొర్లిస్తే గడ్డం మొలిచినట్టు అంటుకుంటుంది.

సాధారణంగా పడవ పొద్దున్నే ఎందుకో చెబుతాను. ఆ తీరం పక్కనే బెంగ్వేలా అనే చల్లని ప్రవాహం ఉంది. ఎండెక్కే కొద్దీ ఎడారి కాగుతుంది, అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి దూసుకొస్తుంది. అందుకే మధ్యాహ్నానికి నైరుతి గాలి బలపడి నీళ్లు నురగలు కక్కుతాయి. పొద్దున నీరు అద్దంలా ఉంటుంది, కానీ పొగమంచు ఉండొచ్చు. అదీ ఆ చల్లని నీటి పనే: తేమగాలి దాని మీదుగా వస్తూ చల్లబడి మంచవుతుంది. ఏడాదికి 25 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఆ చోట ఎడారి ప్రాణులకు ఈ మంచే తాగునీరు. తిన్నె అంచున తల కిందికి, వెనుక భాగం పైకి పెట్టి నిలబడి, ఒంటి మీద చేరిన మంచు బొట్లు నోటి దాకా జారేదాకా ఆగే పురుగు ఒకటి ఉంది. మీకు మాత్రం మంచులో చలి వేస్తుంది. ఒక్క మందపు కోటుకన్నా మూడు పలచని పొరలు మేలు, ఎండెక్కాక ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. మబ్బుగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానకండి.

పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ మీ కొలతదేనా చూసుకోండి. తొడిగి పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టి ఎవరినైనా పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వస్తే అది పెద్దది, మార్చమని అడగండి. మొహమాటం వద్దు. అక్కడి నీరు చాలా కాలం 15 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. అంత చల్లని నీళ్లలో పడితే మొదటి నిమిషంలో ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. ఆ సమయంలో ఈదబోతే నీళ్లు మింగుతాం. వెల్లకిలా తేలి, ఊపిరి కుదుటపడ్డాక మిగతా సంగతి చూడాలి. ఆ ఒక్క నిమిషం తలను నీటి పైన ఉంచడానికే జాకెట్.

పడవ ప్రయాణంలో కడుపులో తిప్పే వాళ్లుంటే డాక్టర్ని అడిగి, మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. ముందు కొసన ఊపు ఎక్కువ, కాబట్టి పడవ మధ్యలోనో వెనకనో కూర్చోండి. కళ్లు దిగంతం మీద పెట్టండి. ఫోన్లో తీసిన ఫోటోలు అప్పటికప్పుడు చూసుకునే వాళ్లే ముందు వాంతి చేసుకుంటారు.

పెలికన్ పాయింట్ దగ్గర వేల కొద్దీ కేప్ ఫర్ సీళ్లు కనిపిస్తాయి. నవంబరు చివర, డిసెంబరులో వెళ్తే అప్పుడే పుట్టిన నల్లటి కూనలుంటాయి. అలవాటుపడిన సీల్ ఒక్కోసారి చేపకోసం పడవలోకే ఎక్కేస్తుంది. ముద్దుగా ఉంటుంది, కానీ పళ్లు కుక్క పళ్ల లాంటివి. 2024లో దక్షిణాఫ్రికా తీరపు సీళ్లలో రేబిస్ బయటపడింది కూడా. కాబట్టి చేతులు ఒళ్లోనే. గైడు అనుమతించినా తాకవద్దని నా మాట. డాల్ఫిన్లలో చిన్నగా, మొద్దు ముక్కుతో, వీపున త్రికోణపు రెక్కతో కనిపించేది హెవిసైడ్ డాల్ఫిన్. అది ఆఫ్రికా నైరుతి తీరంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాన్ని వెంబడించమని పడవవాళ్లను తొందరపెట్టకండి. వేగం తగ్గిస్తే అదే వస్తుంది. ఎప్పుడైనా నీరు పాలు కలిసినట్టు లేత ఆకుపచ్చగా మారి కుళ్లిన గుడ్ల వాసన వేస్తే కంగారు పడకండి. సముద్రపు అడుగు బురద నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి రావడం అక్కడ మామూలే. చేపలకే అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను, ఆటుపోట్లు. శాండ్‌విచ్ హార్బర్‌కి చేరే దారిలో కొంత మేర తిన్నె పాదానికీ నీటికీ మధ్య సన్నని ఇసుక పట్టీ మాత్రమే ఉంటుంది. నీరు దిగిన ఆటు వేళ అదే రోడ్డు, నీరు ఎక్కిన పోటు వేళ అది సముద్రం. ఒక పోటు నుంచి ఇంకో పోటుకి దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ రోజు ఆటు పది గంటలకైతే రేపు సుమారు పదీ యాభైకి. నీరు గంట గంటకీ ఒకేలా పెరగదు. దీనికి నావికుల దగ్గర ఒక లెక్క ఉంది. మొత్తం ఎత్తును 12 వంతులు చేస్తే, ఆరు గంటల్లో వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు పెరుగుతుంది. మొత్తం తేడా 120 సెంటీమీటర్లు అనుకోండి. మొదటి గంటలో 10 సెంటీమీటర్లే కాబట్టి "ఏముంది, నీరు కదలనే లేదు" అనిపిస్తుంది. మూడో గంటలో 30, నాలుగో గంటలో ఇంకో 30. ఒడ్డు వాలు 30 మీటర్లకు 1 మీటరు ఉంటే ఆ 30 సెంటీమీటర్లు అంటే నీరు 9 మీటర్లు లోపలికి రావడం. పట్టీ వెడల్పే అంత ఉన్న చోట బండి ఇరుక్కుందంటే ఇక చెప్పేదేముంది! అందుకే గైడు ఆటుకి ముందే లోపలికి వెళ్లి, నీరు తిరిగిన కాసేపటికే బయటపడాలని చూస్తాడు. "ఇంకో పది నిమిషాలు ఆగుదాం" అని అక్కడ బతిమాలకండి.

అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ ఆటు బాగా దిగుతుంది, పోటు బాగా ఎక్కుతుంది. పట్టీ వెడల్పుగా తెరుచుకుంటుంది, మూసుకోవడం కూడా అంతే జోరుగా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ, నీరు చాలినంత దిగక ఆ దారి అసలు తెరుచుకోకపోవచ్చు. పెద్ద అలలున్న రోజు పట్టికలో ఆటు అని రాసున్నా పనికిరాదు. అలాంటప్పుడు గైడు తిన్నెల మీదుగా లోపలి దారిన తీసుకెళ్లి పైనుంచి మడుగులను చూపిస్తాడు. డబ్బు కట్టాం కదా, ఒడ్డు దాకా దింపాలి అని వాదించే పెద్దవాళ్లు ఉంటారు. మీరు వాళ్లలో చేరకండి. పై దృశ్యమే గొప్పదని నా అభిప్రాయం. ఉప్పు సముద్రం పక్కనే రెల్లు కనిపిస్తుంది చూడండి. కూయిసెబ్ నది వైపు నుంచి ఇసుక కింద పారి వచ్చిన మంచినీరు అక్కడ ఊరుతుంది కాబట్టి అది బతుకుతోంది.

ఇసుకలోకి దిగే ముందు గైడు బండి ఆపి నాలుగు టైర్లలో గాలి తీస్తాడు. తారు రోడ్డు మీద సుమారు 30 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి ఉండే టైరుని 14, 15 దాకా దించుతాడు. గాలి తగ్గితే టైరు చదునై, నేలకు ఆనే పాదం ముందుకీ వెనక్కీ పొడుగవుతుంది. ఒంటె పాదంలా బరువు పరుచుకుని, కోసుకుపోకుండా తేలుతుంది. మరీ పదికన్నా కిందికి దించి గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. మెత్తబడిన టైరు పక్కలు ఉబ్బుతాయి, ముల్లు అక్కడే గుచ్చుకుంటుంది. దారిలో ఆకులు లేని ముళ్ల పొదలు కనిపిస్తే అవి నారా పొదలు, వాటి కాయలు అక్కడి టాప్నార్ తెగ ప్రజల తిండి. గైడు వాటిని చుట్టుకుని వెళ్లేది టైరు కోసమే కాదు.

తిన్నె ఎక్కేటప్పుడు ఊపు కిందే తెచ్చుకోవాలి. గేరు మధ్యలో మారిస్తే ఆ అర సెకను చాలు బండి కూలబడడానికి. శిఖరం దగ్గర మాత్రం వేగం తగ్గించాలి, అవతల ఏముందో కనిపించదు కనుక. మంచి గైడు అనుమానముంటే దిగి నడిచి చూసొస్తాడు. ఎక్కలేక ఆగిపోతే, వచ్చిన జాడలోనే సూటిగా వెనక్కి దిగాలి. అడ్డంగా తిప్పితే బండి దొర్లుతుంది. అవతల వైపు జారుడు వాలు 32 నుంచి 34 డిగ్రీలుంటుంది. ఎండు ఇసుక అంతకన్నా నిటారుగా నిలబడలేదు. లోపలి నుంచి చూస్తే గోడ మీద నుంచి దిగుతున్నట్టే ఉంటుంది. లో రేంజ్‌లో అంటే ఎక్కువ బలంతో మెల్లగా నడిపే అమరికలో, చిన్న గేరు వేసి, బ్రేకు తొక్కకుండా, ముక్కు సూటిగా దింపుతాడు. బ్రేకు తొక్కితే చక్రాలు ఆగి వెనక భాగం పక్కకి తిరుగుతుంది. అలా తిరగబోతే కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి సరిచేస్తాడు. మీరు భయపడి చెయ్యి పట్టుకోవాల్సింది పక్కవాళ్లది, డ్రైవరుది కాదు! ఇసుక బాగా ఎండి ఉంటే దిగేటప్పుడు విమానం మోతలాంటి శబ్దం వస్తుంది. జారే రేణువులు ఒకదానితో ఒకటి రాసుకునే శబ్దం అది, ఇంజనుది కాదు. ఈ భాగమంతా సీటుబెల్టు ఉండాల్సిందే. నీళ్ల సీసా, కెమెరా లాంటివి ఒళ్లో పెట్టుకోకండి, కుదుపుకి ఎగిరి మొహానికి తగులుతాయి.

బండి ఇరుక్కుంటే ఎవరి తప్పూ కాదు, రోజూ జరిగేదే. చక్రం తిరుగుతూ ముందుకు పోవడం లేదనిపించగానే ఆపేయాలి. ఇంకా తొక్కితే అది తన గొయ్యి తనే తవ్వుకుని పొట్ట మీద కూర్చుంటుంది. తర్వాత అందరూ దిగడం, పారతో టైర్ల ముందు, బండి కింద ఇసుక తీయడం, ఇంకో రెండు మూడు పీఎస్‌ఐ గాలి వదలడం, చక్రాల కింద పలకలు పెట్టి నెమ్మదిగా రావడం. ఇంకో బండితో లాగాల్సి వస్తే మీరు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కగా నిలబడండి. తాడుకు సూటిగా ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. తాడు తెగినా, కొక్కెం ఊడినా అది తుపాకీ గుండులా వస్తుంది.

ఉప్పు మడుల దగ్గర, కూయిసెబ్ ముఖద్వారం చుట్టూ తెల్లగా ఎండినట్టున్న చదును నేల మీద పరుగెత్తకండి. పైన పెళుసు పొర, కింద నల్ల బురద. మెత్తటి ఇసుకలో చిక్కిన బండిని గంటలో తీయొచ్చు, అందులో దిగబడితే పూటంతా పోతుంది. కంకర మైదానాల మీద గైడు పాత జాడ వదలడు. తిన్నె మీది జాడను గాలి ఒక్క రోజులో చెరిపేస్తుంది, కంకర మీదిది దశాబ్దాలు ఉంటుంది. డమారా టెర్న్ అనే చిట్టి పక్షి అక్కడే నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది. రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు. ఆ ప్రాంతం నమీబ్-నౌక్లుఫ్ట్ జాతీయ పార్కు, లోపలికి అనుమతి పత్రం ఉండాలి. ఎముక, గవ్వ, ఈక, ఏదీ జేబులో వేసుకోకూడదు.

డబ్బు కట్టేముందు అమ్మానాన్నలతో గైడుని ఇవి అడిగించండి: ఆ రోజు ఆటు ఎన్నింటికి, దారి మూసుకుపోతే ఏం చేస్తారు, పిల్లల కొలత జాకెట్లు ఉన్నాయా, ఫోన్ సిగ్నల్ లేని చోట ఎవరితో ఎలా మాట్లాడతారు, వెంట ఇంకో బండి వస్తుందా. మొదటి ప్రశ్నకే తడుముకుంటే వేరే గైడుని చూసుకోవచ్చు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీకి గడ్డం కింద తాడు, కెమెరాకి జిప్ సంచి చాలు. లెన్సు మార్చాలంటే బండి అద్దాలు ఎత్తి లోపలే మార్చండి.

తిరిగొచ్చి తారు రోడ్డు ఎక్కేముందు గైడు మళ్లీ ఆగి కంప్రెసరుతో గాలి నింపుతాడు. మెత్తని టైరుతో వేగంగా పోతే అది వేడెక్కి పగులుతుంది. ఒక్కో టైరుకి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ బూట్లు విప్పి ఇసుక దులుపుకోండి.

తేదీ ఖాయమవగానే రాయండి. ఆ రోజు తిథి ఏదో చూసి, ఆటు ఎన్నింటికో పట్టికలో వెతికి పెడతాను.

ఇట్లు,
మీ తాతయ్య