ఒక్క కాగితానికి అంత బరువా?

చిన్నమ్మీ, అబ్బోడా,

కాలేజీ అప్లికేషన్ నింపుతూ మీరు ఫోన్‌లో అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "తాతా, మార్కుల లిస్టు ఒక్క పేజీనే. స్కాన్ చేస్తే పీడీఎఫ్ 8 ఎంబీ వచ్చింది. సైటేమో 500 కేబీ దాటకూడదంటోంది. కాగితానికి అంత బరువెక్కడిది?"

స్కానర్‌కు చదువు రాదు. కాగితాన్ని చుక్కలుగా చూస్తుందంతే. 300 డీపీఐలో, అంటే అంగుళం పొడవుకు 300 చుక్కల లెక్కన పెడితే, ఏ4 పేజీకి దాదాపు 87 లక్షల చుక్కలు, ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు. మార్కులున్న చోటినే కాదు, ఏమీ లేని తెల్ల జాగానూ చుక్క వదలకుండా ఎక్కించుకుంటుంది.

చిత్తూరులో ఎండాకాలం వస్తే మా అవ్వ మామిడి ఒరుగులు పెట్టేది. గాలికి రాలిన పుల్లకాయలు మేం ఏరుకొస్తే, టెంక తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి మిద్దె మీద ఆరబోసేది. కాకులకు కాపలా నేనే. కాపలా అంటే సగం ముక్కలు నా నోట్లోకే! గంపెడు కాయలు చివరికి ఒక జాడీలో పట్టేవి. నీళ్లు పోయేవి, పులుపు మిగిలేది.

ఫైలునూ అలాగే ఎండబెట్టాలి. బల్ల నీడ, అంచులు టెంకలాంటివి, కత్తిరించేయండి. 150 డీపీఐకి దించితే చుక్కలు నాలుగో వంతే. రంగు అక్కర్లేకపోతే గ్రే పెట్టండి. జేపీఈజీ అని బొమ్మల ఫైళ్లను చిన్నవి చేసే పద్ధతి ఒకటుంది, ఆ కుదింపు కంటికి ఆనని తేడాలను వదిలేస్తుంది. మరీ ఎండితే ముక్క రాయి అవుతుంది. మార్కుల్లో 3 ఏదో 8 ఏదో తెలియని ఫైలు ఎవరికి పనికొస్తుంది? జిప్ చేసినా పెద్దగా తగ్గదు, ఎండిన ముక్కను మళ్లీ ఎండబెట్టడమే అది.

ఒరుగును ఎంత నానబెట్టినా పచ్చికాయ కాదు. అందుకే అసలు ఫైలు పదిలంగా దాచి, కాపీనే తగ్గించండి. ఊరూ పేరూ తెలియని సైటు ఉచితంగా తగ్గిస్తానంటే ఆధార్, సర్టిఫికెట్లు దాని చేతిలో పెట్టొద్దు. మన కంప్యూటర్‌లోనే ఆ పని అవుతుంది.

కంప్యూటర్‌లో టైపు చేసి నేరుగా పీడీఎఫ్‌గా దాచుకున్నది వేరే సంగతి. అందులో 'క' ఆకారం ఒకసారి ఉంటుంది, ఆ తర్వాత ఏ 'క' ఎక్కడ కూర్చోవాలో మాత్రమే రాసి ఉంటుంది. పేజీలు పేజీలున్నా తేలిగ్గా ఉండేది అందుకే. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! నేను చెప్పడం కంటే మీరే ఒక స్కాన్ పీడీఎఫ్‌నూ, టైపు చేసినదాన్నీ పక్కపక్కన తెరిచి 800 శాతానికి పెంచండి. తలకట్టు అంచు దేనిలో మెట్లుమెట్లుగా ఉందో, దేనిలో నున్నగా ఉందో చూసి ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

మీ తాత