గుండె మిషన్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఒక గుండె ఆసుపత్రిలో పేస్‌మేకర్లు (గుండె నెమ్మదిస్తే కొట్టించేవి), ఐసీడీలు (ప్రమాదకరమైన దడను పసిగట్టి ఆపేవి) చెక్ చేయడం నా పని. భుజం కింద ఉబ్బెత్తుగా కనబడే చోట ఒక చిన్న పరికరం ఆనించి, గత మూడు నెలల్లో గుండె ఏమేం చేసిందో తెరమీద చదువుతాను. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. నేను తెలుగు మాట్లాడతానని తెలియగానే, డాక్టరు గదిలో మింగేసిన ప్రశ్నలన్నీ బయటికొస్తాయి. వాటిలో కొన్ని.

అపోహ: స్టెంట్ వేశారు, రక్తం బాగా పారుతోంది. ఇంక గుండెకేం భయం లేదు.

హిందూపురం నుంచి వచ్చే పెద్దాయన ఒకరు మొదటిసారి అడిగింది ఇదే. ఎన్నో ఏళ్ల కిందట హార్ట్ ఎటాక్ వచ్చింది, స్టెంట్ పడింది. అది ఇప్పటికీ బాగానే ఉంది. కానీ అప్పుడు చచ్చిపోయిన కండ మచ్చగా మిగిలింది. గుండెలో నడిచే కరెంటు ఆ మచ్చ చుట్టూ గిరగిరా తిరగడం మొదలుపెడితే గుండె నిమిషానికి 180, 200 సార్లు కొట్టుకుంటుంది. దాన్నే వెంట్రిక్యులర్ టాకికార్డియా, పొట్టిగా వీటీ అంటారు. అది ముదిరితే గుండె వణకడమే తప్ప రక్తం తోయదు. నేనింకా బొమ్మ గీస్తుండగానే ఆయన, "అంటే పైపు బాగుంది, స్టార్టరు తేడా చేసింది, అంతే కదా పాపా" అన్నారు. బోరు కింద సేద్యం చేసినవాళ్లకు నా బొమ్మతో పనిలేదు.

అలాగే ఈసీజీ నార్మల్ వచ్చిందని ఊరుకోకండి. ఆ కాగితం మీద ఉండేది దాదాపు పది సెకన్ల సంగతే. దడ సరిగ్గా అప్పుడే వస్తుందా? అందుకే 24 గంటలూ గుండె లయను రాసుకునే హోల్టర్ అనే చిన్న మిషన్ కట్టి పంపేది.

అపోహ: ఐసీడీ అంటే ఎప్పుడు పడితే అప్పుడు షాక్ కొట్టే పెట్టె.

ఈ భయం జబ్బుకంటే ఎక్కువ పీడిస్తుంది. పెద్దాయన భార్య నెలరోజులుగా హాల్లో పడుకుంటున్నారు, ముట్టుకుంటే తనకూ కరెంటు కొడుతుందని. కొట్టదమ్మా. షాక్ పడేటప్పుడు చేయి ఆయన మీదున్నా, మహా అయితే కాస్త జివ్వుమంటుంది, అంతే.

మొన్న తెరమీద చూస్తే ఒకరోజు తెల్లవారుజామున 4:12కి వీటీ వచ్చింది, వేగం 186. మిషన్ దానికంటే కొంచెం వేగంగా ఎనిమిది చిన్న దెబ్బలు వేసింది. లయ సర్దుకుంది. "ఆ పొద్దు ఏమైనా తెలిసిందా?" అంటే, "నిద్రపోతాండా" అన్నారు. చాలా వీటీలను మిషన్ ఇలాగే చప్పుడు లేకుండా ఆపేస్తుంది. దానికి లొంగకపోతేనో, లయ మరీ ప్రమాదకరంగా ఉంటేనో షాక్. అది నొప్పే, కాదనను. వీపు మీద బండ ఎత్తేసినట్టుంది అంటారు.

ఒక్క షాక్ పడి, తర్వాత మామూలుగానే ఉంటే ఆరోజే మాకు ఫోన్ చేయండి. ఒకే రోజులో రెండు పడినా, ఒక్కటే పడి కళ్లు తిరిగినా, ఆయాసమో ఛాతీనొప్పో ఉన్నా 108కి చేయండి. మాకు కాదు.

అపోహ: మిషన్ పెట్టాక మాత్రలు దండగ.

మిషన్ కాపలా కాస్తుంది గానీ దొంగను రాకుండా ఆపలేదు. వీటీ రాకుండా చూసేవి మందులు, అబ్లేషన్. అమియోడరోన్ బాగా పనిచేసే మందే, కానీ థైరాయిడ్, లివర్, ఊపిరితిత్తుల మీద కన్నేసి ఉంచాలి. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోండి. పొడి దగ్గు పట్టుకుంటే సిరప్ తాగి ఊరుకోకుండా డాక్టరుకు చెప్పండి.

అబ్లేషన్ అంటే ఛాతీ కోయరు. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నటి తీగ పంపి, మచ్చలో కరెంటు తిరిగే దారిని వెతికి కాలుస్తారు. గంటలు పడుతుంది. కొందరికి పుట్టుకతో ఉండే ఎస్వీటీ దడ (గుండె పైగదుల వైపు నుంచి వచ్చేది) దీనితో దాదాపు పూర్తిగా పోతుంది. మచ్చ వల్ల వచ్చే వీటీ అలా కాదు. తగ్గుతుంది, కొందరికి మళ్లీ వస్తుంది. అందుకే అబ్లేషన్ అయినా ఐసీడీ తీయరు. మందా, మిషనా, అబ్లేషనా అని ఒకటే ఎంచుకోవాలనుకుంటారు. చాలామందికి మూడూ కావాలి.

అపోహ: సెల్‌ఫోన్, మెట్రో, ఎంఆర్ఐ అన్నీ బంద్.

ఫోన్ వాడుకోండి, ఎడమ జేబులో మాత్రం వద్దు. మిషన్‌కు 15 సెంటీమీటర్ల దూరం చాలు. ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగులు. మెట్రో స్టేషన్ గేటులోంచి ఆగకుండా నడిచి వెళ్లండి, మిషన్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు చూపించి చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఆడించొద్దని చెప్పండి. ఎంఆర్ఐ మిషన్ రకాన్ని బట్టి ఉంటుంది. తీసే ముందు మేం సెట్టింగ్ మార్చాలి, అయ్యాక మళ్లీ మార్చాలి. అందుకే ఆ కార్డు పర్సులో ఉండాలి, బీరువాలో కాదు.

అపోహ: ఈ పెట్టె ఉంటే ప్రాణం పోదు.

ఇది నన్ను గదిలో కాదు, వరండాలో అడుగుతారు. "నా టైమొస్తే ఇది పోనీదా పాపా?" అన్నారు పెద్దాయన. పోనిస్తుంది. అది లయనే సరిచేస్తుంది, అలిసిన కండకు బలం పోయలేదు. చివరి రోజుల్లో షాక్‌లు వద్దనుకుంటే డాక్టరుతో మాట్లాడి, కోత లేకుండానే ఆ ఒక్క పని ఆపించవచ్చు. ఇంకోటి, దహనానికి ముందు మిషన్ తీయించాలి, మంటల్లో బ్యాటరీ పేలుతుంది. కొడుక్కి చెప్పి ఉంచండి అన్నాను.

అంతా విని తలూపి, "అది సరే, ఎక్సెల్ బండి ఎప్పుడు తోలుకోవచ్చు?" అన్నారు. ఆయనకు షాక్ పడి నెలన్నర కూడా కాలేదు. సాధారణంగా ఆరు నెలలు ఆగమంటారు, ఆ తర్వాత డాక్టరు సరేనంటేనే, అప్పటిదాకా వెనక సీటే అన్నాను. మనవడి వెనక కూర్చోవాలా అని ముఖం మాడ్చుకుని లిఫ్ట్ వైపు నడిచారు.