ఫారిన్ స్టడీ టూర్లు: నికల్సన్ నుంచి ఓర్వకల్లు దాకా

ఆఫీసర్లో ప్రజాప్రతినిధులో గ్రామాభివృద్ధి నేర్చుకోవడానికి ఫారిన్ వెళ్తున్నారని వార్త రాగానే జనానికి ఒళ్ళు మండుతుంది, మన డబ్బుతో షికార్లా అని. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ఊళ్ళో మన అమ్మలు, అక్కలు నడుపుతున్న డ్వాక్రా సంఘాల వెనక వందేళ్ళకి పైబడిన ఇలాంటి ప్రయాణాలే ఉన్నాయి. వాటిలో పనికొచ్చినవి ఏవి, ముంచినవి ఏవి అన్న సంగతి పెద్దగా ఎక్కడా మాట్లాడుకోం, అందుకే రాస్తున్నా.

మొదటి పేరు ఫ్రెడరిక్ నికల్సన్. మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ ఆఫీసర్, అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆ ప్రెసిడెన్సీ కిందే ఉండేవి. రైతు షావుకారు దగ్గర అప్పులో మునిగిపోతున్నాడు, యూరప్‌లో దీనికి ఏం చేశారో చూసి రమ్మని 1892లో ప్రభుత్వం ఆయనకి పని అప్పగించింది. ఆయన రిపోర్టు రెండు సంపుటాలుగా 1895, 1897లో వచ్చింది. అంత పెద్ద రిపోర్టు సారాన్ని ఆయనే రెండు మాటల్లో చెప్పాడు: రైఫైజెన్‌ని వెతికి పట్టుకోండి అని.

రైఫైజెన్ జర్మనీలో ఒక చిన్న ఊరి మేయర్. 1846-47లో కరువొచ్చి జనం ఆకలితో అల్లాడుతుంటే, ధాన్యం నగదుకే ఇవ్వాలన్న పై వాళ్ళ ఆర్డర్‌ని పక్కన పెట్టి అప్పు మీద ఇప్పించాడు, ఊరికి రొట్టెల బట్టీ కట్టించి చౌకగా రొట్టె దొరికేలా చేశాడు. మొదట్లో డబ్బున్నవాళ్ళ దానంతోనే అన్నీ నడిపాడు, అయితే దానం ఎన్నాళ్ళో నిలబడదని కొన్నేళ్ళకి తెలుసుకుని 1864లో హెడెస్‌డార్ఫ్‌లో సభ్యుల సొంత పరపతి సంఘం, అంటే సభ్యులే కలిసి అప్పులిచ్చుకునే సంఘం పెట్టాడు. సంఘం చిన్నది, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు, ఒకడు అప్పు ఎగ్గొడితే మిగతా అందరూ బాధ్యులే. నికల్సన్‌ని పట్టేసింది ఇదే, మన పల్లెలో కూడా ఎవడి పరిస్థితి ఏంటో అందరికీ తెలుసు కదా.

ఆ తర్వాత 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. వచ్చింది గానీ ప్రాణం రాలేదు. రిజిస్ట్రార్, ఇన్‌స్పెక్టర్, పై నుంచి సర్క్యులర్... సంఘం సభ్యులది కాకుండా ప్రభుత్వానిది అయిపోయింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1951-52లో రిజర్వ్ బ్యాంక్ సర్వే చేయిస్తే పల్లె అప్పుల్లో సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర అని తేలింది, మిగతాదంతా ఎక్కువగా షావుకార్లు, వ్యాపారుల చేతుల్లోనే. నికల్సన్ చూసొచ్చిన దాంట్లో లోపం లేదు, ఆయన చూసింది ఒకటి, ఇక్కడ కట్టింది ఇంకొకటి.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ప్రయాణాలు ఇంకా పెరిగాయి. 1952 అక్టోబర్ 2న సామాజిక వికాస పథకం (పాతవాళ్ళు బ్లాకు, బీడీవో, గ్రామసేవక్ అనేది దీన్నే) మొదలైంది, దాని వెనక అమెరికన్ సలహాలు, ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు ఉన్నాయి. ట్రైనింగులు, విదేశీ సందర్శనలు మామూలైపోయాయి. వాటిలో నాకు అన్నిటికన్నా భయం వేసేది 1956 చైనా టూర్. ఆర్.కె. పాటిల్ నాయకత్వంలో ఒక బృందం అక్కడి వ్యవసాయ సహకార సంఘాలు చూడ్డానికి వెళ్ళింది, చూసొచ్చి మెజారిటీ సభ్యులు మనమూ ఉమ్మడి సేద్యం పెట్టొచ్చన్నారు, ఇద్దరు మాత్రం ఒప్పుకోకుండా విడిగా నోట్ రాశారు. 1959 జనవరిలో నాగపూర్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానం చేసింది. మన గుంటూరు జిల్లా రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు దీన్ని గట్టిగా ఎదిరించి కాంగ్రెస్ వదిలేశారు, అదే ఏడాది స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షులయ్యారు. రంగా గారి రాజకీయంతో అందరూ ఏకీభవించక్కర్లేదు, కానీ ఆ ఉమ్మడి సేద్యమే నడిచిన చైనాలో 1959-61 మధ్య కోట్ల మంది ఆకలితో చచ్చిపోయారన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన నిజం. కొన్ని వారాల టూర్‌లో, పక్కన దుభాషీ, ముందు పార్టీ కార్యకర్త, చూపించడానికి రెడీ చేసిన ఊళ్ళు... అలా వెళ్తే ఎంత మంచి మనిషికైనా కనబడేది ఎదుటివాళ్ళు చూపించిందే.

ఇదే కాలంలో ఇంకో దారి కూడా నడిచింది. అఖ్తర్ హమీద్ ఖాన్ ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి కొన్నాళ్ళు కూలి పని కూడా చేసిన మనిషి. 1958లో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ట్రైనింగ్ అయ్యి వచ్చి, 1959లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో గ్రామీణాభివృద్ధి అకాడమీ పెట్టారు. ఆయన కూడా రైఫైజెన్ పేరే చెప్పేవారు. నాకు ఆయనలో గొప్పగా అనిపించేది, కొమిల్లా సంఘాలు తర్వాత పెద్ద రైతుల చేతుల్లోకి పోయాయని ఆయన దాచలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న షోయబ్ సుల్తాన్ ఖాన్ 1982లో పాకిస్తాన్ ఉత్తరాన గిల్గిత్ కొండల్లో ఆగా ఖాన్ గ్రామీణ సహాయ పథకం మొదలుపెట్టి ఊరూరా తిరిగి చెప్పింది చాలా చిన్న మాట: ముందు మీరంతా కూడండి, పొదుపు చెయ్యండి, మీలోంచి ఒకర్ని పని నేర్చుకోవడానికి పంపండి, అప్పుడే మేం చెయ్యి కలుపుతాం.

ఆ మాట 1990ల మధ్యలో యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ) దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం ద్వారా కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలకి వచ్చింది. పాకిస్తాన్ నుంచి వచ్చిన ఆ షోయబ్ సుల్తాన్ ఖాన్ రాయలసీమ పల్లెల్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడారంటే ఇప్పుడు నమ్మడం కష్టం, కానీ జరిగింది. అలా అని ఆ విత్తనం ఎడారిలో పడిందనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం అప్పటికే ఆడవాళ్ళకి కలిసి నిలబడటం నేర్పింది, డ్వాక్రా 1982 నుంచే ఉంది, 1995లో ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకోవడానికి మ్యాక్స్ చట్టం వచ్చింది. మండలంలోని సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్యలు ఈ చట్టం కిందే రిజిస్టర్ అయ్యాయి. నికల్సన్ చూసొచ్చిన అసలు విషయం వందేళ్ళకి ఇక్కడ దొరికిందని నేను అనుకుంటా.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండల సమాఖ్య పేరు అప్పట్లో దేశమంతా వినబడింది. 2000లో సెర్ప్ (పేదరిక నిర్మూలనకి ప్రభుత్వం పెట్టిన సంస్థ), దాని వెలుగు పథకం వచ్చాక ఎక్స్‌పోజర్ విజిట్ల (చూసి నేర్చుకునే ప్రయాణాల) దిశ మారింది, బయటివాళ్ళు మన ఊళ్ళకి రావడం మొదలైంది. వాళ్ళు రావడం కన్నా ముఖ్యమైంది మన ఆడవాళ్ళు సీఆర్‌పీలుగా (తమ సంఘం అనుభవాన్ని వేరే ఊళ్ళలో నేర్పేవాళ్ళుగా) బీహార్‌కీ ఇంకా వేరే రాష్ట్రాలకీ వెళ్ళడం. ఒక్కో ఊళ్ళో సుమారు పదిహేను రోజులు అక్కడే ఉండి, వచ్చీరాని హిందీలో ఇల్లిల్లూ తిరిగి, నేలమీద చాప పరిచి రిజిస్టర్ తెరిచి పంచ సూత్రాలు చెప్పేవాళ్ళు: వారం వారం మీటింగ్, పొదుపు, సంఘంలోనే అప్పు, గడువుకి తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. తానూ ఒకప్పుడు కూలికి పోయి ఐదు, పది రూపాయలు దాచిన మనిషి చెప్తుంటే ఎదుటి మనిషి నమ్ముతుంది, జీపు దిగిన ఆఫీసర్ చెప్తే అంత నమ్మదు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక ఇదే పద్ధతి దేశమంతా వెళ్ళింది.

బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంక్ చూసొచ్చిన కథ వేరేలా ముగిసింది. ఐదుగురు ఆడవాళ్ళ గ్రూపు, వారం వారం కిస్తీ, అందరూ కలిసి పూచీ... పైకి కనబడేదంతా మైక్రోఫైనాన్స్ (చిన్న అప్పులిచ్చే) కంపెనీలు తెచ్చాయి, కానీ ఒకే ఇంటికి నాలుగు కంపెనీలు అప్పిచ్చి వసూలుకి గుమ్మంలో కూర్చునే దాకా పోయింది. 2006లో కృష్ణా జిల్లాలో వాటి బ్రాంచీలు మూయించాల్సి వచ్చింది, 2010 అక్టోబర్‌లో వాటిని కట్టడి చెయ్యడానికి రాష్ట్రమంతటికీ ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం చూడ్డానికి ఇతర దేశాల వాళ్ళు మన జిల్లాలకి వస్తున్నారు, సంఘాలు చూడ్డానికి అయితే ఎప్పట్నుంచో వస్తూనే ఉన్నారు. వాళ్ళకి మనం బాగా నడిచే సమాఖ్యలే చూపిస్తాం, పూలదండలు, పాటలు, పవర్‌పాయింట్. 2014 ఎన్నికల రుణమాఫీ మాటలు నమ్మి కిస్తీలు ఆపేసి, తర్వాత బ్యాంకు దగ్గర పరువు పోయి, ఇంకా కోలుకోని సంఘాలు కూడా ఉన్నాయి. ఆ ఊళ్ళకి కూడా వాళ్ళని తీసుకెళ్ళాలి, ఒక పూట కాదు రెండు రాత్రులు ఉండేలా, సంఘం లీడర్ ఆఫీసర్ లేకుండా మాట్లాడేలా.