కణంలో ఉన్నవి ఉత్త నీళ్లేనా?

పోయిన ఎండాకాలం గుంటూరు కొత్తపేటలో అమ్మ నడుముకి ఎంఆర్ఐ తీయించాం. ఇంటికొచ్చి ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూస్తే, వెన్నుపూసల మధ్య పై డిస్కులన్నీ తెల్లగా మెరుస్తున్నాయి, కింద రెండు మాత్రం నల్లబడిపోయి ఉన్నాయి. రిపోర్టులో ‘డిస్క్ డెసికేషన్’ అని రాశారు, అంటే డిస్కు ఎండిపోయిందని. డిస్కు మధ్యలో ఉండేది జెల్. చిన్న వయసులో అందులో 80 శాతానికి అటూ ఇటూగా నీళ్లే. పగలంతా మన బరువుకి కొంచెం నీళ్లు పిండుకుపోయినా రాత్రి పడుకోగానే మళ్లీ పీల్చేసుకుంటుంది, అందుకే పొద్దున లేచేసరికి మనం సాయంత్రం కంటే సెంటీమీటరు దాకా పొడుగుంటాం.

ఆ వారమే మా అపార్ట్‌మెంట్‌కి ఒకాయన నీళ్ల మిషన్ డెమో ఇవ్వడానికి వచ్చాడు. "అమ్మా, కణాల్లో నీళ్లు జెల్ లాగా ఉంటాయి, మా మిషన్ నీళ్లు తాగితే అవి నేరుగా కణాల్లోకి వెళ్తాయి" అన్నాడు. ఇందులో మొదటి సగం వెనక దాదాపు 190 ఏళ్ల చరిత్ర ఉంది. రెండో సగానికి ఏ ఆధారమూ లేదు. ఈ రెండిటినీ కలిపి అమ్మేస్తున్నారనే బాధతోనే ఇది రాస్తున్నాను.

1835లో ఫ్రాన్స్‌లో డుజార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఏకకణ జీవుల్ని మైక్రోస్కోప్ కింద చూస్తూ, వాటి ఒంట్లోంచి వచ్చే జిగట పదార్థం నీళ్లలో కలిసిపోవడం లేదని గమనించాడు. తర్వాత దానికే ప్రోటోప్లాజం అనే పేరు స్థిరపడింది. 1861లో థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త జిగురు లాంటి పదార్థాలకి కొల్లాయిడ్ అనే మాట తెచ్చాడు, జెల్ అనే మాటా ఆయనదే. అంటే అప్పట్లో ప్రాణమంటే ఒక రకం జెల్లీ అనే అనుకునేవాళ్లు. కానీ 20వ శతాబ్దంలో చూపంతా కణం చుట్టూ ఉండే పొర మీదకి మళ్లింది, లోపల ఉన్నది ఉప్పునీళ్ల లాంటి ద్రావణం, లోపలికి ఏది రావాలో బయటికి ఏది పోవాలో తేల్చేది పొరే అన్న బొమ్మ మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చేసింది.

ఇక్కడే అసలు గొడవ. కణం లోపల పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఎందుకు? పొరలో ఒక పంపు ఉండి సోడియాన్ని బయటికి తోస్తోందని ఎక్కువమంది అన్నారు. చైనా నుంచి అమెరికా వెళ్లిన గిల్బర్ట్ లింగ్ ఒప్పుకోలేదు. కప్ప కండరాన్ని చల్లబరిచి, దానికి శక్తి అందే దారులన్నీ విషాలతో మూసేసి లెక్క కట్టి, పంపు నడవాలంటే ఉన్న శక్తికి కనీసం 15 రెట్లు కావాలన్నాడు. కణంలోని నీటిని ప్రోటీన్లు పొరలు పొరలుగా పట్టి ఉంచుతాయి, ఆ నీళ్లలో సోడియం ఇమడదు, పొటాషియం ప్రోటీన్లకి అంటుకుని ఉంటుంది, పంపుతో పనే లేదు అన్నది ఆయన వాదన.

పంపు విషయంలో లింగ్ పొరబడ్డాడు. 1957లో డెన్మార్క్‌లో స్కౌ పీత నరాల్లో ఆ పంపు ఎంజైముని పట్టుకున్నాడు. 1970ల్లో ఆ ప్రోటీన్‌ని విడదీసి కృత్రిమమైన కొవ్వు సంచుల్లో పెడితే, జెల్ ఏమీ లేకుండానే సోడియాన్ని తోసింది. 1997లో స్కౌకి నోబెల్ వచ్చింది.

అయినా లింగ్‌ని అంత తేలిగ్గా తీసిపారేయలేం, ఎందుకంటే కణంలో నీళ్లు గ్లాసులో నీళ్లలా ఉండవన్న ఆయన మాటని నమ్మిన డమేడియన్ అనే డాక్టరు, అది నిజమైతే కణితిలో నీళ్లకీ మామూలు కణజాలంలో నీళ్లకీ తేడా కనపడాలి కదా అని ఎలుకల కణితుల్ని పరీక్షించి, 1971లో ఆ తేడాని అయస్కాంత సంకేతాల్లో చూపించాడు. ఎంఆర్ఐకి దారి తీసిన పరిశోధనల్లో అదొకటి. 2003 నోబెల్ మాత్రం ఆ సంకేతాల్ని బొమ్మగా మార్చిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకి వెళ్లింది. అమ్మ ఫిల్మ్‌లో తెలుపూ నలుపూ కూడా చాలావరకు నీళ్ల తేడానే.

జెల్లీ ఆలోచన వేరే రూపంలో తిరిగొచ్చింది. 2009లో హైమన్, బ్రాంగ్‌విన్ అనే శాస్త్రవేత్తలు చిన్న పురుగు పిండంలోని కొన్ని రేణువుల్ని చూస్తే, అవి చారు మీద తాలింపు నూనె చుక్కల్లా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. పొర లేకుండానే కణంలో గదులు! ఇలాంటి చుక్కలు కొన్ని గట్టిపడి జెల్ అవుతాయి, ఇంకా గట్టిపడితే నరాల జబ్బులతో ముడిపడి ఉంటున్నాయి. 2017లో హైమన్ బృందమే ఇంకోటి చెప్పింది. జర్మనీలో లోమన్ ఒకపక్క, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇంకోపక్క 1929లో విడివిడిగా కనిపెట్టిన ఏటీపీ అనే అణువు, కణానికి శక్తినివ్వడమే కాకుండా ప్రోటీన్లు ముద్దకట్టకుండా కరిగి ఉండేలా కూడా చూస్తుందట. ఎంజైములకి కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఏటీపీ కణంలో ఎందుకుందో దీంతో కొంత అర్థమైంది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇక మిషన్ సంగతి. నీటి అణువుల మధ్య బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలోనే తెగి మళ్లీ కలుస్తుంటాయి, కాబట్టి మిషన్ నీటి అణువుల్ని జెల్ లాగా ఏదో ప్రత్యేకంగా అమర్చిందనుకున్నా, ఆ అమరిక గొంతు దాకా కూడా నిలవదు. డిస్కులో నీటిని పట్టి ఉంచేది అక్కడున్న ప్రోటీన్లకి అతుక్కున్న చక్కెర గొలుసుల మీది రుణావేశం (నెగెటివ్ చార్జి). వయసుతో ఆ గొలుసులు తగ్గుతాయి, వాటితోపాటే నీళ్లూ పోతాయి. ఇదే ఆయనకి చెప్పాను, "మీ ఇష్టమండీ" అని సామాను సర్దుకున్నాడు. అమ్మ వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి వెళ్తోంది.